క్రీడాకారుడైన విద్యార్థి తప్పటడుగు వేస్తే: చట్టం, జట్టు, ఊరు

(గుమ్మిడిపూండి యువజనులు, తల్లిదండ్రులు, వ్యాయామోపాధ్యాయుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



కళాశాల జట్టులో ఆడే విద్యార్థి మద్యం సేవించి పట్టుబడ్డాడని తెలియగానే ఊరిలో రెండు మాటలు వినవస్తాయి. "కుర్రతనం, పోనివ్వండి" అన్నది మొదటిది. "ఇటువంటివాడిని జట్టులోనే కాదు, కాలేజీలోనే ఉంచకూడదు" అన్నది రెండవది. మొదటి మాటలో ప్రేమ ఉన్నది కాని బాధ్యత లేదు. రెండవ మాటలో కోపం ఉన్నది కాని విచారణ లేదు. ఈ రెండింటి నడుమ పెద్దలు నిలిచి ఆలోచించవలసిన చోటు ఒకటి ఉన్నది. ఆ విద్యార్థి చదువు, ఆట, ఉద్యోగం, కుటుంబ గౌరవం ఆ చోట తీసుకునే నిర్ణయం మీదనే ఆధారపడి ఉంటాయి.

గుమ్మిడిపూండి వంటి ఊరికి ఈ విషయం దూరమైనది కాదు. ఇది సరిహద్దు ఊరు. జాతీయ రహదారి మీద ఆరంబాక్కం దాటితే తడ, ఆ పైన సూళ్ళూరుపేట. 1960 ఏప్రిల్ 1న రెండు రాష్ట్రాల హద్దులు సవరించినప్పుడు తిరుత్తణి ప్రాంతం ఇటు రాగా, పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాలలోని కొన్ని గ్రామాలు అటు వెళ్ళాయి. గీత మారినా బంధుత్వాలు మారలేదు. ఇటు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టు పనికి వెళ్ళే తండ్రి, అటు సత్యవేడులో మేనత్త, పొన్నేరిలోనో చెన్నైలోనో చదివే కొడుకు లేదా కూతురు: ఇటువంటి తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. తెల్లవారుజామున శివారు రైలు ఎక్కి కళాశాలకు పోయి, సాయంత్రం కబడ్డీయో వాలీబాలో సాధన చేసి, రాత్రికి ఇల్లు చేరే పిల్లలకు క్రీడ కేవలం వినోదం కాదు. అది రుసుములో రాయితీకీ, వసతిగృహంలో చోటుకూ, రేపటి రైల్వే లేదా పోలీసు ఉద్యోగంలో క్రీడా కోటాకూ దారి. అందువలన జట్టు నుంచి తొలగింపు అన్న ఒక్క మాట ధనిక కుటుంబంలోని బిడ్డకు ఒక అర్థాన్ని, కార్మిక కుటుంబంలోని బిడ్డకు మరొక అర్థాన్ని ఇస్తుంది.

చట్టం ఏమంటున్నది

ముందుగా చట్టాన్ని, జట్టు నియమాన్ని, లోకాపవాదాన్ని విడదీసి చూడాలి. మూడూ ఒకే మూటలో కట్టడం వలననే అన్యాయాలు జరుగుతాయి.

తమిళనాడులో నేటికీ అమలులో ఉన్న మద్యనిషేధ చట్టం 1937 నాటిది. రాజాజీ మంత్రివర్గం ఆ ఏడాది అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధాన్ని ప్రారంభించి, మరుసటి సంవత్సరం తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకు విస్తరించింది. నిషేధం తరువాతి కాలంలో పలుమార్లు సడలి, మరల బిగిసింది. 2003 నుంచి చిల్లర విక్రయం ప్రభుత్వ సంస్థ అయిన టాస్మాక్ చేతిలో ఉన్నది. కాని చట్టం పేరు నిషేధ చట్టమే. అంటే ఈ రాష్ట్రంలో మద్యం అమ్మకం, రవాణా, సేవనం అన్నీ అనుమతి మీద నడిచేవే తప్ప సహజ హక్కు మీద నడిచేవి కావు. 21 ఏళ్ళు నిండనివారికి దుకాణంలో మద్యం అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ హద్దు 21 ఏళ్ళే. కేరళలో 23, ఢిల్లీలో 25. ఓటు హక్కు 18 ఏళ్ళకు వస్తుంది కనుక మద్యం కొనే అర్హతా అప్పుడే వస్తుందని పలువురు విద్యార్థులు భావిస్తారు. అది పొరపాటు. పట్టభద్ర తరగతులలో ఉన్నవారిలో అత్యధికులు ఈ హద్దుకు లోపలివారే.

సరిహద్దు ఊరి పిల్లలు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఇతర రాష్ట్రంలో కొన్న మద్యాన్ని అనుమతి లేకుండా తమిళనాడులోకి తీసుకురావడం నేరం. పోటీ ముగించుకొని నెల్లూరు వైపు నుంచి తిరిగి వచ్చే జట్టు సంచులలో ఒక సీసా దొరికితే, "ఎవరిదో తెలియదు" అన్న సమాధానం జట్టు మొత్తాన్ని చిక్కులలో పడవేస్తుంది.

బహిరంగ స్థలంలో మత్తులో ఉండి ఇతరులకు ఇబ్బంది కలిగించేలా ప్రవర్తించడం భారతీయ న్యాయ సంహితలోని 355వ సెక్షన్ కింద నేరం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ సంహిత ప్రకారం దీనికి 24 గంటల వరకు సాధారణ కారాగారవాసం, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ విధించవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఈ నేరానికి జరిమానా 10 రూపాయలు మాత్రమే. పెరిగిన జరిమానా కంటె గమనించదగినది సమాజ సేవ అన్న కొత్త మాట. చిన్న నేరానికి చెరసాల కాక, పదిమందికి ఉపయోగపడే వేతనం లేని పని శిక్షగా ఉండవచ్చునని దేశ చట్టమే అంగీకరించింది. కళాశాలలు, క్రీడా సంఘాలు దీని నుంచి నేర్చుకోవలసినది ఉన్నది.

వాహనం నడపడం మాత్రం చిన్న విషయం కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండగా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ వర్తిస్తుంది. మొదటిసారి 6 నెలల వరకు కారాగారవాసం, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే 2 సంవత్సరాల వరకు కారాగారవాసం, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. భారీ లారీలు రాత్రింబవళ్ళు తిరిగే రహదారి పక్కన ఉన్న ఊరిలో ఈ నియమాన్ని కఠినమని ఎవరూ అనలేరు.

ఇక 18 ఏళ్ళు నిండనివారికి మద్యం ఇచ్చినవారి సంగతి. బాలల న్యాయ చట్టం, 2015 లోని 77వ సెక్షన్ ప్రకారం, వైద్యుని ఆదేశం లేకుండా బాలలకు మద్యం ఇచ్చినా, ఇప్పించినా 7 సంవత్సరాల వరకు కఠిన కారాగారవాసం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. గెలిచిన ఆనందంలో మొదటి సంవత్సరం కుర్రవాడి చేతికి గ్లాసు అందించే సీనియరు తాను స్నేహం చేస్తున్నాననుకుంటాడు. ఆ కుర్రవాడికి 17 ఏళ్ళే అయితే, చట్టం దృష్టిలో అది స్నేహం కాదు. వయస్సు ఎంతైనా సరే, బలవంతంగా తాగించడం ర్యాగింగ్ కిందికి వస్తుంది. తమిళనాడులో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉన్నది. కనుక ఇటువంటి సంఘటన జరిగినప్పుడు మొదటి ప్రశ్న "ఎవడు తాగాడు" అన్నది మాత్రమే కాకూడదు. "ఎవరు కొన్నారు, ఎవరు పోశారు, ఏ పెద్దవాడు చూస్తూ ఊరుకున్నాడు" అన్న ప్రశ్నలు కూడ వెంటనే రావాలి.

జట్టు ఏమి చేయవచ్చు

చట్టం పట్టించుకోని పనిని కూడ జట్టు నిషేధించవచ్చు. పోటీల ప్రయాణంలో ఉన్నంతకాలం 22 ఏళ్ళ క్రీడాకారుడు సైతం మద్యం ముట్టరాదని నియమం పెట్టుకోవడం న్యాయమే. ఇది మాదకద్రవ్య పరీక్షల విషయం కాదన్న స్పష్టత ఉండాలి. విలువిద్య వంటి కొన్ని క్రీడలలో పోటీ సమయంలో మద్యాన్ని నిషిద్ధ పదార్థంగా పరిగణించిన ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, 2018 జనవరి 1 నుంచి దానిని ఆ జాబితాలోనుంచి తొలగించి, ఆ బాధ్యతను ఆయా క్రీడా సమాఖ్యలకే విడిచిపెట్టింది. అంటే నేడు మద్యం విషయం ప్రధానంగా క్రమశిక్షణకు సంబంధించినది. క్రమశిక్షణ అన్నప్పుడు తప్పుకూ శిక్షకూ తూకం ఉండాలి.

ఆ తూకం గురించి ప్రపంచమంతా చర్చించిన ఉదంతం 2024 జూలైలో జపానులో జరిగింది. షోకో మియాతా ఆ దేశపు మహిళా జిమ్నాస్టిక్స్ జట్టు నాయకురాలు. వయస్సు 19. జుంతెందో విశ్వవిద్యాలయ విద్యార్థిని. అంతకుముందు సంవత్సరం ప్రపంచ పోటీలలో బీమ్ విభాగంలో కాంస్యం గెలిచిన క్రీడాకారిణి. పారిస్ ఒలింపిక్స్‌కు వారం రోజుల ముందు, మొనాకోలోని సాధన శిబిరం నుంచి ఆమెను స్వదేశానికి పంపివేశారు. కారణం, ఆమె ఒకసారి పొగ తాగడం, ఒకసారి మద్యం సేవించడం. జపానులో వయోజన దశ 2022 నుంచి 18 ఏళ్ళకు తగ్గినా, పొగాకుకు, మద్యానికి మాత్రం హద్దు 20 ఏళ్ళుగానే నిలిచింది. ఆమె తప్పును అంగీకరించింది. జట్టు ఐదుగురికి బదులు నలుగురితో బరిలో దిగి, ఫైనల్లో 8వ స్థానంలో ముగించింది.

జపాను ప్రజలు రెండుగా చీలిపోయారు. నియమం నియమమే, నాయకురాలే దానిని మీరితే తక్కినవారికి ఏమి చెబుతారని కొందరన్నారు. ఒక్కసారి చేసిన పనికి జీవితకాలపు అవకాశాన్ని లాక్కోవడం అతి అని మరికొందరన్నారు. నాయకత్వపు ఒత్తిడిలో నలిగిన 19 ఏళ్ళ అమ్మాయిని కనిపెట్టుకొని ఉండవలసిన పెద్దలు అప్పుడు ఎక్కడ ఉన్నారని ఇంకొందరు అడిగారు. ఈ మూడవ ప్రశ్నే విలువైనది. నియమం ఉన్నదని తెలిసి మీరడం ఆమె తప్పు. ఒత్తిడిని గమనించకపోవడం, హెచ్చరికకూ బహిష్కారానికీ నడుమ మరే మెట్టూ లేకుండా ఉంచడం వ్యవస్థ తప్పు.

దీనికి పక్కన మరొక ఉదంతాన్ని ఉంచి చూడవచ్చు. 2007 ప్రపంచ కప్పు క్రికెట్ సమయంలో ఇంగ్లండు ఉపనాయకుడు ఆండ్రూ ఫ్లింటాఫ్ రాత్రివేళ మద్యం సేవించి, సెయింట్ లూసియా తీరంలో పడవ వ్యవహారంలో చిక్కుకున్నాడు. ఉపనాయకత్వం తొలగించారు, ఒక ఆట నుంచి నిషేధించారు. అతడు మళ్ళీ జట్టులోకి వచ్చి, తరువాతి సంవత్సరాలలోనూ దేశానికి ఆడాడు. పరిణత వయస్కుడైన ప్రసిద్ధ క్రీడాకారుడికి ఒక ఆట నిషేధం, 19 ఏళ్ళ విద్యార్థినికి ఒలింపిక్స్ మొత్తం నష్టం. దేశాలు వేరు, సంస్థలు వేరు, చట్టాలు వేరు. అయినా ఈ రెండు శిక్షల మధ్య అంతరం ఆలోచింపజేస్తుంది. అమ్మాయి మద్యం సేవించినప్పుడు సమాజం వేసే అదనపు అపరాధం ఒకటి ఉన్నది. కళాశాల క్రమశిక్షణ సంఘం ఆ అదనపు బరువును తన తీర్పులో చేర్చకూడదు.

మన దేశంలోనూ ఇటువంటివి జరిగాయి. 2024 జనవరిలో సౌరాష్ట్ర 23 ఏళ్ళలోపు క్రికెట్ జట్టు చండీగఢ్‌లో ఆడి తిరిగి వస్తుండగా, విమానాశ్రయంలో కొందరు ఆటగాళ్ళ సామానులో మద్యం సీసాలు బయటపడినట్టు వార్తలు వచ్చాయి. వారు చేరవలసినది మద్యనిషేధం అమలులో ఉన్న గుజరాత్. అక్కడి క్రికెట్ సంఘం విచారణ ప్రకటించింది. ఆ మరుసటి నెలలోనే హైదరాబాద్ మహిళా క్రికెట్ జట్టు శిక్షకుడు జట్టు బస్సులో మద్యం సేవించారన్న ఆరోపణపై అక్కడి సంఘం ఆయనను సస్పెండ్ చేసింది. ఈ రెండవ సంఘటనలో ఆరోపణ ఎదుర్కొన్నది క్రీడాకారిణులు కాదు, వారికి క్రమశిక్షణ నేర్పవలసిన వ్యక్తి. కాబట్టి జట్టు నియమావళి పిల్లల కోసం మాత్రమే రాసినదైతే అది సగం నియమావళి. శిక్షకుడు, మేనేజరు, వెంట వచ్చే అధ్యాపకుడు, అభిమానంతో విందు ఇచ్చే పూర్వ విద్యార్థి, అందరూ దానికి లోబడాలి.

విచారణ లేని శిక్ష చెల్లదు

విద్యార్థిని శిక్షించే ముందు అతడి మాట వినాలన్నది దయాదాక్షిణ్యం కాదు, న్యాయసూత్రం. పరీక్షలలో అక్రమానికి పాల్పడ్డారన్న ఆరోపణపై విద్యార్థుల ఫలితాలను రద్దు చేసిన ఘనశ్యామ్ దాస్ గుప్తా కేసులో, వారికి తమ వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు 1962లోనే తీర్పు చెప్పింది. జట్టు నుంచి, వసతిగృహం నుంచి తొలగించే నిర్ణయానికి కూడ ఇదే స్ఫూర్తి వర్తించాలి. ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా తెలపాలి. సమాధానానికి గడువు ఇవ్వాలి. నిర్ణయానికి కారణాలు రాయాలి. పైవారికి విన్నవించుకొనే దారి చూపాలి.

ఇక్కడ భాష ప్రశ్న వస్తుంది. కళాశాల నోటీసు ఇంగ్లీషులోనో తమిళంలోనో వస్తుంది. పిల్లలకు ఆ భాషలు వచ్చు. ఇంట్లో తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లికి రావు. "సస్పెన్షన్" అంటే తాత్కాలికంగా పక్కన ఉంచడం. "డిబార్" అంటే నిర్ణీత కాలం అనర్హుడిగా ప్రకటించడం. "డిస్మిస్" అంటే పూర్తిగా తొలగించడం. ఈ మూడింటినీ ఇంట్లో "కాలేజీ నుంచి తీసేశారు" అన్న ఒకే మాటగా అర్థం చేసుకుంటే, రెండు వారాల శిక్ష కూడ చదువు ముగింపుగా మారుతుంది. అట్లే "నిందితుడు" వేరు, "దోషి" వేరు. కేసు నమోదు కాగానే కుర్రవాడు నిందితుడు అవుతాడు. న్యాయస్థానం నిర్ధారించే వరకు దోషి కాడు. ఈ భేదాన్ని కళాశాల సూచనల ఫలకం మీద, ఊరి వాట్సాప్ సందేశాలలో, ఇంటి అరుగు మీద కూడ పాటించాలి. 18 ఏళ్ళలోపు బాలుడి పేరు, ఫోటో ప్రచారం చేయడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. 18 దాటినవారి విషయంలోనూ అది మర్యాద కాదు.

శిక్షకు మెట్లుండాలి. తొలిసారి, ఎవరికీ హాని చేయని తప్పుకు హెచ్చరిక, తల్లిదండ్రుల సమక్షంలో సంభాషణ, ఒకటి రెండు ఆటలకు దూరం, కొన్ని వారాలు మైదానం శుభ్రం చేయడమో చిన్నపిల్లలకు ఆట నేర్పడమో. రెండవసారికి ఆ క్రీడాకాలమంతా నిషేధం, మానసిక వైద్యుని సలహా. వాహనం నడపడం, దెబ్బలాట, అమ్మాయిలను వేధించడం, జూనియర్లకు బలవంతంగా తాగించడం వంటివి జతపడితే అది చిన్న తప్పు కాదు. అప్పుడు కఠిన చర్యే తగినది. తిరిగి రావడానికి ఏమి చేయాలో ప్రతి మెట్టు వద్దా స్పష్టంగా చెప్పాలి. సాధనకు రానివ్వకుండా, తేదీ చెప్పకుండా, "చూద్దాం" అని పక్కన పెట్టడం అన్నిటికంటె చెడ్డ శిక్ష. మైదానానికి దూరమైన కుర్రవాడి సాయంత్రాలు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీని ఏమి నింపుతుందో ఊహించడం కష్టం కాదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తరాదన్నది తెలుగువారి పాత మాట. గోటితో కూడ గిల్లకుండా వదిలివేయమని ఆ మాటకు అర్థం కాదు.

జరిమానా కట్టడంతో ముగిసిపోతుందా

చాలా కుటుంబాలు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. "వెయ్యి రూపాయలు కట్టేస్తే అయిపోతుంది, వకీలు ఎందుకు" అనుకుంటారు. మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకొని జరిమానా చెల్లించడమంటే దోషిగా నిర్ధారణ కావడమే. ఆ సంగతి సంవత్సరాల తరువాత ఉద్యోగ పరిశీలన పత్రంలో ఒక ప్రశ్నగా ఎదురవుతుంది. అందువలన ఒప్పుకొనే ముందు ఒక్కసారి న్యాయవాదిని సంప్రదించాలి. 21 ఏళ్ళలోపువారిని వీలైనంతవరకు చెరసాలకు పంపకుండా, మందలింపుతోనో సత్ప్రవర్తన పూచీతోనో విడుదల చేసే అధికారాన్ని 1958 నాటి ప్రొబేషన్ చట్టం న్యాయస్థానాలకు ఇచ్చింది. ఆ చట్టం కింద విడుదలైనవారికి శిక్ష వలన కలిగే అనర్హతలు అంటవని 12వ సెక్షన్ చెబుతుంది. అయితే ఏ కేసుకు ఏ నిబంధన వర్తిస్తుందో చెప్పవలసినది న్యాయవాది. వకీలుకు డబ్బు లేదని వెనుదిరగనక్కరలేదు. మహిళలు, బాలలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, నిర్ణీత ఆదాయానికి లోబడినవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. దానికి సంప్రదించవలసిన సంఖ్య 15100.

ఉద్యోగ పత్రంలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు దాచవచ్చునా? దాచరాదు. సుప్రీంకోర్టు 2011లో సందీప్ కుమార్ కేసులో, యౌవనంలో చేసే చిన్న తప్పులను బట్టి మనిషిని జీవితాంతం నేరస్థుడిగా ముద్ర వేయరాదని చెబుతూ, రొట్టె దొంగిలించిన జా వల్జా కథను గుర్తుచేసింది. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయాన్ని మరింత వివరంగా పరిశీలించింది. చిన్న నేరమైతే యజమాని దానిని ఉపేక్షించవచ్చు. కాని నిజం చెప్పవలసిన బాధ్యత అభ్యర్థిదే. ఆ తీర్పుల సారం ఇది: చిన్న తప్పును క్షమించే అవకాశం ఉన్నది, దానిని దాచిన అబద్ధం మాత్రం పెద్దదవుతుంది. కానిస్టేబులు ఉద్యోగానికో, రైల్వేలో క్రీడా కోటాకో సిద్ధమవుతున్న ప్రతి యువకుడు, యువతి దీనిని గుర్తుంచుకోవాలి.

విదేశాలకు పిల్లలను పంపిన కుటుంబాలకు మరొక హెచ్చరిక. అమెరికాలో మద్యానికి కనీస వయస్సు 21. 1984 నాటి సమాఖ్య చట్టం తరువాత అన్ని రాష్ట్రాలూ ఆ హద్దునే పాటిస్తున్నాయి. మద్యం సేవించి కారు నడిపారని అరెస్టు అయితే, నేరం రుజువు కాకముందే విద్యార్థి వీసా రద్దు కావచ్చు. ఇక్కడ పోలీసు ఠాణాలో మందలించి పంపివేసే సంగతి, అక్కడ చదువునే మధ్యలో తెంచివేయవచ్చు.

శరీరం తీర్పు

చట్టం పట్టుకోకపోయినా, శిక్షకుడు చూడకపోయినా, శరీరం మాత్రం లెక్క రాస్తుంది. మద్యం నీటిని బయటికి పంపివేస్తుంది, నిద్రను చెడగొడుతుంది, దెబ్బ తగిలిన కండరం కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, కఠిన వ్యాయామం తరువాత అధిక మోతాదులో మద్యం సేవించినవారిలో కండరాలు ప్రొటీనును నిర్మించుకొనే వేగం, మంచి ప్రొటీను ఆహారం తీసుకున్నా 24 శాతం తగ్గింది. ఆ ఆహారం లేనప్పుడు 37 శాతం తగ్గింది. పాల్గొన్నవారు 8 మందే కనుక దీనిని తుది మాటగా తీసుకోనక్కరలేదు. కాని అది చూపిన దిశ స్పష్టం. ఉదయమంతా చెమటోడ్చి సంపాదించిన దానిలో కొంత, రాత్రి గ్లాసులో పోయినట్టే. ఇంత తాగితే ఆరోగ్యానికి ప్రమాదం లేదని చెప్పగల పరిమాణమేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

తెలుగు క్రీడారంగం ఈ విషయంలో మంచి ఉదాహరణలు ఇచ్చింది. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన పుల్లెల గోపీచంద్, తాను తాగని శీతలపానీయానికి ప్రచారం చేయనని పెద్ద మొత్తాన్ని కాదన్నారు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు ఆయన పి.వి. సింధు చేతి నుంచి మూడు నెలలపాటు ఫోను తీసుకున్నారు, ఐస్‌క్రీం మాన్పించారు. పతకం వచ్చాక తిరిగి ఇచ్చారు. అదీ క్రమశిక్షణే. దానిలో అవమానం లేదు. ముందే చెప్పిన నియమం ఉన్నది, గడువు ఉన్నది, గురువు కూడ పాటించే ఆచరణ ఉన్నది, చివర తిరిగి ఇచ్చివేయడం ఉన్నది. ప్రతి కళాశాల జట్టూ తన నియమావళిని ఈ నాలుగు గుణాలతో సరిచూసుకోవచ్చు.

ఊరి బాధ్యత

గుమ్మిడిపూండికి ఉత్తరాన, నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోశమ్మ మొదలైన స్త్రీలు సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. అక్షరాస్యత తరగతులలో కూర్చున్న ఆడవారు తమ బ్రతుకుల గురించి మాట్లాడుకోవడంతో మొదలైన ఆ ఉద్యమం వలన 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది. నిషేధం నిలిచిందా లేదా అన్నది వేరే చర్చ. ఆ స్త్రీలు నేర్పిన పాఠం మాత్రం నిలిచి ఉన్నది. వారు తాగినవాడిని మాత్రమే నిలదీసి ఊరుకోలేదు. తాగుడు ఎక్కడ నుంచి వస్తున్నదో, ఎవరికి లాభమో, ఎవరు కళ్ళు మూసుకున్నారో అడిగారు.

ఈ ఊరు కూడ అదే వరుసలో అడగవచ్చు. వయస్సు చూడకుండా అమ్మే దుకాణం ఏది? గెలిచిన జట్టుకు మద్యంతో విందు ఇచ్చే అలవాటు ఎవరు మొదలుపెట్టారు? దానికి బదులు బిరియానీ విందో, పాదరక్షల కానుకో ఇవ్వరాదా? రాత్రి తొమ్మిది దాటాక కూడ దీపాలు వెలిగే మైదానం ఒకటి ఉన్నదా? జట్టు నియమావళి తమిళం, తెలుగు, ఇంగ్లీషులలో తల్లిదండ్రుల చేతికి అందిందా? అలవాటు ముదిరిన పిల్లవాడిని తిట్టడానికి ముందు ఎవరైనా వైద్యునికి చూపించారా? దురలవాటు నుంచి బయటపడడానికి 14446, మనోవ్యథకు 14416 సంఖ్యలు ఉచితంగా పనిచేస్తాయి. రెండవదానిలో తెలుగులోనూ మాట్లాడవచ్చు. ర్యాగింగ్ ఫిర్యాదులకు 1800-180-5522. ఈ సంఖ్యలను వ్యాయామశాల గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడానికి అయ్యే ఖర్చు ఒక డబ్బా రంగు.

చట్టం తన పని తాను చేస్తుంది. తక్కినది శిక్షకుడు, ప్రిన్సిపాలు, తల్లిదండ్రులు, ఊరి పెద్దలు చేయాలి. తప్పు చేసిన విద్యార్థికి రెండు సంగతులు ఒకేసారి తెలియాలి: చేసినదానికి జవాబు చెప్పక తప్పదని, జవాబు చెప్పిన తరువాత మైదానం గేటు తనకు తెరిచే ఉంటుందని. మొదటిది తెలియనివాడు బాధ్యత నేర్చుకోడు. రెండవది తెలియనివాడు ఆ గేటు వైపు మళ్ళీ రాడు. వచ్చే క్రీడాకాలం మొదలయ్యేలోగా ప్రతి జట్టూ తన నియమావళిని ఒక పుటలో, మూడు భాషలలో రాసి, శిక్షకుని సంతకంతో సహా అందరి సంతకాలు తీసుకుంటే ఈ ప్రసంగం ఆశించిన ప్రయోజనం నెరవేరినట్టే.